కొమ్మ కావాల్సిన చోట కన్ను ఉందా? బోన్సాయ్‌కి కత్తిరింపా, గాటా, అంటా

మా డాబా మీదున్న ఫైకస్‌కి (రావి, మర్రి జాతి బోన్సాయ్ చెట్టుకి) ఎడమవైపు, మట్టికి నాలుగు అంగుళాల ఎత్తున, ఒక కొమ్మ ఉండాలి. లేదు. కుడివైపు రెండున్నాయి, వెనక ఒకటుంది, పైన గుబురు దట్టంగా ఉంది. ఆ ఎడమవైపు మాత్రం బోదె నున్నగా, బోడిగా కనిపిస్తుంది. మూడేళ్లు "అదే వస్తుందిలే" అనుకుంటూ నీళ్లు పోశాను. రాలేదు.

బోన్సాయ్ పెంచే ఎవరి దగ్గరైనా ఇలాంటి ఖాళీ ఉన్న చెట్టు ఒకటైనా ఉంటుంది. మామూలు కుండీ మొక్కైతే ఎవరూ పట్టించుకోరు. బోన్సాయ్‌లో మాత్రం మొదటి కొమ్మ చెట్టు ఎత్తులో దాదాపు మూడో వంతు దగ్గర రావాలంటారు. బోదె వంపు తిరిగి ఉంటే ఆ వంపుకి బయటివైపున రావాలి, లోపలివైపు నుంచి వస్తే ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క కొమ్మ లేక చెట్టంతా ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది.

ఏం చేయాలని అడిగితే తలా ఒక మాట చెప్తారు. తల నరికెయ్ అంటారు ఒకరు. ఆకులన్నీ దూసెయ్ అంటారు ఇంకొకరు. కన్ను (కొమ్మ మొలిచే బొడిపె) పైన గాటు పెట్టమని, హార్మోన్ పేస్టు రాయమని, డ్రిల్లుతో బెజ్జం వేసి కొమ్మ దూర్చమని సలహాలు వస్తూనే ఉంటాయి. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ ఒక్కోటి ఒక్కో పరిస్థితికి పనికొస్తుంది. ఒకరి బోగన్‌విలియాకి పనిచేసిందని మన ఫైకస్ మీద ప్రయోగిస్తే చెట్టు దెబ్బతింటుంది. నా మటుకు ఎంపికను తేల్చేవి రెండే ప్రశ్నలు: కొమ్మ కావాల్సిన చోట కన్ను ఉందా? చెట్టు ఇప్పుడు సత్తువగా ఉందా?

వేలితో తడిమి చూడండి

చెరకు గడ చూశారుగా, ప్రతి కణుపు దగ్గరా ఒక కన్ను ఉంటుంది. ముక్క నాటితే మొలకొచ్చేది అక్కడినుంచే. చెట్టు కొమ్మకూ అంతే. ఒకప్పుడు ఆకు ఉన్న ప్రతి చోటా కణుపు ఉంటుంది. ఆకు రాలిపోయినా దాని మొదట్లో ఉన్న కన్ను చాలా జాతుల్లో బెరడు కింద ఏళ్లపాటు నిద్రపోతూనే ఉంటుంది.

ఫైకస్ జాతిలో దీన్ని కనిపెట్టడం తేలిక. రావి, మర్రి, మేడి, నర్సరీల్లో అమ్మే ఫైకస్‌లు అన్నిటికీ ప్రతి కణుపు దగ్గరా కొమ్మ చుట్టూ ఉంగరంలా ఒక గీత ఉంటుంది. లేత కొమ్మ మీద స్పష్టంగా కనిపిస్తుంది. బోదె లావయ్యేకొద్దీ సన్నని చారగా మిగులుతుంది. పొద్దున ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూస్తే దొరుకుతుంది, లేదా తడిగుడ్డతో బెరడు తుడిచి చూడండి. ఆ గీతకు కాస్త పైన చిన్న బొడిపె ఉంటే అదే కన్ను. జేడ్‌కి (దళసరి ఆకుల కుండీ మొక్కకి) కూడా గీతలుంటాయి, గీతకు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు కళ్లుంటాయి. బోగన్‌విలియాలో ముల్లు ఉన్న చోటే వెతకండి.

కన్ను కనిపిస్తే కత్తిరింపు, వంపు, గాటు ఇవన్నీ మీకు అందుబాటులో ఉన్నట్టే. బోదె పూర్తిగా నున్నగా ఉండి, కన్ను జాడే లేకపోతే, ఆ పద్ధతులతో ఎక్కడో ఒకచోట చిగురు రావచ్చు. కావాల్సిన చోటే వస్తుందని మాత్రం పందెం కాయలేం. అప్పుడు మిగిలేది అంటు.

కన్ను ఎందుకు నిద్రపోతుందో ఒక్క ముక్క చెప్పుకోవాలి, అది తెలిస్తే మిగతా పద్ధతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. కొమ్మ చివరి చిగురులో ఆక్సిన్ అనే హార్మోన్ తయారై కిందికి దిగుతూ ఉంటుంది. అది దిగుతున్నంతసేపూ కింది కళ్లు లేవవు. 1933లో థీమన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు చిక్కుడు జాతి మొక్క తల తుంచి, ఆ కోసిన చోట ఆక్సిన్ పెట్టి చూశారు. తల లేకపోయినా పక్క కళ్లు లేవలేదు. వేళ్ల నుంచి పైకి వచ్చే సైటోకైనిన్ అనే ఇంకో హార్మోన్‌ది దీనికి ఎదురు పని, కళ్లను లేపుతుంది. మన రైతులు పత్తిలో, శనగలో తలలు తుంచేది ఈ లెక్క మీదే. పెరట్లో కరివేపాకు మొక్క ఒంటికొమ్మగా పైకి పోతుంటే అమ్మ తల విరిచేసేదీ ఇందుకే.

కాబట్టి కన్ను లేవాలంటే మూడు దారులున్నాయి. పైనుంచి వచ్చే ఆక్సిన్‌ని ఆపేయడం ఒకటి, దారిలో అడ్డుకట్ట వేయడం రెండోది, సైటోకైనిన్‌ని బయటినుంచి తెచ్చి పూయడం మూడోది. కత్తిరింపు, గాటు, పేస్టు చేసే పని వరసగా ఇవే.

ఏ పనీ చేయకముందు

సత్తువ లేని చెట్టుకి ఏ పద్ధతీ పనిచేయదు. రెండు నెలల కిందట కుండీ మార్చి వేళ్లు కత్తిరించిన చెట్టు, పిండినల్లి పట్టిన చెట్టు, నీడలో పెట్టి ఆకులు పల్చబడిన చెట్టు: వీటి జోలికి పోకండి. ముందు ఒక సీజన్ ఎండలో పెట్టి, వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు బాగా పల్చన చేసి పదిహేను రోజులకోసారి పోస్తూ, అసలు కత్తెర తాకించకుండా పెరగనివ్వండి. కొమ్మలు అడ్డదిడ్డంగా రెండడుగులు పోయినా సరే. అలా పెరిగిన చెట్టుకి చాలాసార్లు బోదె మీద అదే చిగురేస్తుంది.

వెలుతురు సంగతి కూడా. నా ఫైకస్ ఎడమవైపు బోడిగా ఉండిపోవడానికి సగం కారణం అది గోడవైపు ఉండటమేనని ఆలస్యంగా తెలిసింది. మూడేళ్లు కుండీని ఒక్కసారి కూడా తిప్పలేదు మరి! ఆ పక్క గోడ, పైన దట్టమైన గుబురు. వారానికోసారి కుండీని పావు చుట్టు తిప్పడానికి ఖర్చేం లేదు. పైన గుబురు పల్చన చేసి వెలుతురు బోదె దాకా దిగేలా చేయడానికీ కత్తెర చాలు.

ఈ రెండూ చేసి ఒక వానాకాలం గడిచాక కూడా రాకపోతే అప్పుడు కింది పద్ధతుల్లోకి దిగండి.

తల నరకడం: బలమైన మందు, గురి తక్కువ

కన్ను లేపడంలో దీనంత బలమైనది లేదు. బోదెని గానీ పెద్ద కొమ్మని గానీ కావాల్సిన చోటుకు కాస్త పైన కోసేస్తే, వేసవి మొదట్లోనో తొలకరిలోనో అయితే ఫైకస్, బోగన్‌విలియా రెండు నుంచి నాలుగు వారాల్లో చిగురేస్తాయి. ఒకటి కాదు, ఒక్కోసారి కోసిన చోటు చుట్టూ అరడజను.

చిక్కేమిటంటే చిగుళ్లు ఎక్కువగా కోసిన చోటికి దగ్గర్లో వస్తాయి. అడుగున్నర చెట్టుకి నాలుగు అంగుళాల దగ్గర కొమ్మ కావాలని ఆరు అంగుళాల దగ్గర నరికితే, చెట్టు పైభాగం మొత్తం మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. అది మూడు నాలుగేళ్ల పని. కాబట్టి ఇది ఎవరికి? నర్సరీ నుంచి ఒంటిబోదె మొక్క తెచ్చుకుని, ఇంకా ఏ రూపమూ ఇవ్వనివాళ్లకు. పాతిక కొమ్మలు సవరించి పెట్టుకున్న చెట్టుకి ఒక్క ఖాళీ కోసం తల నరకడం, ఎలుక కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఇందులో నేను తిన్న దెబ్బ ఒకటి చెప్తాను. ఫైకస్ అంటే అన్నీ ఒకటే అనుకుని బెంజమినా అనే రకం ఫైకస్ కొమ్మని ఒక్క ఆకు కూడా మిగల్చకుండా కోసేశాను. మైక్రోకార్పా అనే రకం అయితే ఓర్చుకునేది. బెంజమినా కొమ్మ కోసిన చోటు నుంచి ఎండటం మొదలుపెట్టి, నెల తిరిగేసరికి బోదె దాకా ఎండిపోయింది. ఒక ఖాళీ నింపబోయి రెండో ఖాళీ తెచ్చుకున్నాను. బెంజమినాలో కొమ్మ మీద కనీసం రెండు మూడు ఆకులు ఉంచే కోయాలి, వెనక చిగురు కనిపించాక ఇంకొంచెం వెనక్కి కోయాలి. ఏ ఫైకస్‌కైనా అసలు కావాల్సిన చోటు కంటే ఒక అంగుళం పైన కోసి మోడు వదలండి. కొంత ఎండిపోవడం మామూలే. చిగురు స్థిరపడ్డాక ఆ మోడుని నున్నగా కోసుకోవచ్చు. పాలు కారితే నీళ్లు చల్లి, తడిగుడ్డతో అద్దితే ఆగుతాయి. కంటికి, చర్మానికి ఆ పాలు మంచివి కావు.

కోసిన చోట ఏం రాయాలన్నది పెద్ద చర్చ. ఫెవికాల్ రాసేవాళ్లున్నారు, పసుపు ముద్ద పెట్టేవాళ్లున్నారు, సాఫ్ అనే తెగులు మందు పౌడర్‌ని పేస్టు చేసి రాసేవాళ్లున్నారు. బోగన్‌విలియా కర్ర కోసిన చోట తొందరగా కుళ్లుతుంది, దానికి మాత్రం మందు కలిపిన పేస్టే రాయండి. మిగతా వాటిలో అసలు సంగతి కత్తి పదును. మొద్దు కత్తెరతో నలిపి కోసి పైన ఏం రాసినా ఒకటే.

ఆకులు దూయడం దీనికి కాదు

ఆకులన్నీ తీసేస్తే ప్రతి ఆకు మొదట్లోని కన్ను లేస్తుంది, నిజమే. కానీ అది ఆకులున్న సన్న రెమ్మల మీద జరుగుతుంది. రెమ్మలు రెట్టింపవుతాయి, ఆకులు చిన్నవవుతాయి. బోడిగా ఉన్న బోదె మీద కొత్త కొమ్మకి ఇది సూటి దారి కాదు. లోపలికి వెలుతురు పడటం వల్ల ఎప్పుడైనా కలిసిరావచ్చు, అంతే. ఆ పని తర్వాత, కొమ్మలన్నీ కుదిరాక పెట్టుకోండి.

గాటు పెట్టడం: గురి ఉంది, హామీ లేదు

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. దీనికయ్యే ఖర్చు ఒక బ్లేడు. చెట్టుకి నష్టం దాదాపు లేదు. పలికితే కొమ్మ సరిగ్గా అనుకున్న చోటే వస్తుంది. ఉద్యాన శాస్త్రంలో నాచింగ్ అంటారు. పుణె వైపు అంజీర తోటల్లో వానాకాలంలో నిద్రలో ఉన్న కన్ను పైన బెరడు ముక్క తీసి పక్క కొమ్మలు తెప్పించడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అంజీర కూడా ఫైకస్ జాతే కాబట్టి మనకు దగ్గరి చుట్టమే.

చేసే తీరు ఇది. కన్ను ఉన్న చోటు ఖాయం చేసుకోండి. దానికి అర సెంటీమీటరు పైన, పైకప్పులా వంపు తిరిగిన గాటు పెట్టండి, కొత్తగా పుట్టిన నెలవంకని బోర్లించినట్టు. దాని కింద రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంలో ఇంకో గాటు పెట్టి, మధ్య బెరడు చీలికని తీసేయండి. లోపల తెల్లటి కర్ర కనిపించాలి. పచ్చని పొర మిగిలితే అడ్డుకట్ట పడనట్టే. వెడల్పు కన్నుకి అటూ ఇటూ కాస్త దాటితే చాలు, బోదె చుట్టుకొలతలో పావు వంతుకు మించకూడదు. గాటు కన్ను పైనే పెట్టాలి. కింద పెడితే కన్నుకి అందే బలం తగ్గిపోతుంది, పని తలకిందులవుతుంది.

దీంతోపాటు అదే రోజు పైన ఉన్న కొమ్మల చివర్లు గిల్లేయండి. ఆక్సిన్ రాక తగ్గుతుంది, ఉన్నది గాటు దగ్గర ఆగుతుంది. రెండూ కలిస్తేనే నాకు ఫలితం కనిపించింది. ఒట్టి గాటు పెట్టిన చోట్ల కొన్ని మూసుకుపోయాయి తప్ప చిగురు లేదు. నెలన్నరలో బొడిపె ఉబ్బకపోతే గాయం మానిపోయినట్టు లెక్క, మళ్లీ పెట్టుకోవచ్చు.

లావాటి పాత బోదె మీద కంటే రెండు మూడేళ్ల వయసు కొమ్మ మీద ఇది బాగా పలుకుతుంది. వేలు లావు దాటిన బోదె అయితే ఆశ కొంచెం తగ్గించుకోండి.

వంచడం కూడా ఈ కుటుంబంలోదే. కొమ్మని తీగ చుట్టి నేలకు సమాంతరంగా గానీ ఇంకా కిందికి గానీ వంచితే, దాని కొస పెత్తనం తగ్గి, వంపు మీద పైకి చూస్తున్న కళ్లు లేస్తాయి. జామ తోటల్లో కొమ్మలు వంచి కట్టేది ఇందుకే. బోదె మీద కొమ్మ కోసం ఇది పనికిరాదు. ఉన్న కొమ్మ మధ్యలో ఉపకొమ్మ కావాలంటే మాత్రం మొదట ఇదే చేసి చూడండి, బ్లేడు కూడా అక్కర్లేదు.

పేస్టు

ఆర్కిడ్లు పెంచేవాళ్లు వాడే కెయికి పేస్టులో సైటోకైనిన్ ఉంటుంది. కెయికి అంటే హవాయి భాషలో పిల్ల. ఆర్కిడ్ కాడ మీద పిల్ల మొక్క తెప్పించడానికి రాస్తారు. ఫైకస్ కన్ను మీద బెరడుని సన్నగా గీరి, అగ్గిపుల్ల కొసతో చుక్కంత పెడితే కన్ను లేవచ్చు. ఎక్కువైతే ఒకే చోట గుత్తిగా, వంకర టింకరగా పిలకలు లేస్తాయి, అందులో కొమ్మగా పనికొచ్చేది ఏరుకోవడం కష్టం. కన్ను లేని చోట రాస్తే డబ్బు దండగ. గాటు రెండుసార్లు పలకకపోతే మూడోసారి గాటుతోపాటు ఇదీ పెట్టి చూడొచ్చు. మొదటి అడుగుగా మాత్రం నేను చెప్పను.

అంటు: బోదె నున్నగా ఉంటే

ఇక నా ఫైకస్ దగ్గరికొద్దాం. ఎడమవైపు వేలితో తడిమితే ఏమీ తగల్లేదు. రెండు గాట్లు పెట్టాను, అవి మూసుకుపోయాయి. కుండీ తిప్పాను. చివరికి డ్రిల్లు తీశాను. "పచ్చటి చెట్టుకి బెజ్జం పెడతావట్రా" అని మా అమ్మ ఆ పూటంతా డాబా మీదికి రాలేదు.

థ్రెడ్ గ్రాఫ్ట్ అంటారు దీన్ని, సూదిలో దారం ఎక్కించినట్టు. అదే చెట్టు మీద సన్నగా పొడుగ్గా సాగిన కొమ్మని, బోదెకి ఆ పక్కనుంచి ఈ పక్కకి బెజ్జం వేసి అందులోంచి దూర్చి, కొమ్మ కావాల్సిన చోట బయటికి లాగడం. రోజులు గడిచేకొద్దీ కొమ్మ లావవుతుంది, బెజ్జం కాదు. కొమ్మ బెజ్జం అంచులకు ఒత్తుకుని బోదెతో కలిసిపోతుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసినవాళ్లకి ఇది వింతగా అనిపించదు. ఊడలు ఒకదానికొకటి ఒరుసుకుని ఒకే మానుగా కలిసిపోవడం ఫైకస్ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. అందుకే అంటు నేర్చుకోవడానికి ఫైకస్ కంటే మంచి చెట్టు లేదు.

నేను చేసింది చేసినట్టు చెప్తాను. బెజ్జానికి ఎదురువైపున్న ఒక కొమ్మని ముందు ఫిబ్రవరి నుంచి కత్తిరించకుండా అడుగున్నర దాకా సాగనిచ్చాను. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక ముహూర్తం పెట్టుకున్నాను. ఆ కొమ్మ ఆకులన్నీ తీసేశాను, కొస చిగురు మాత్రం ఉంచాలి. ఫైకస్ కొస చిగురుకి సూదిమొనలా ఒక తొడుగు ఉంటుంది కాబట్టి దూర్చడానికి వీలు. ఆకు కోసిన చోట పాలు ఆగేదాకా నీళ్లు చల్లాను. కొమ్మ మూడు మిల్లీమీటర్ల లావుంది, నాలుగు మిల్లీమీటర్ల బిట్టు వాడాను.

మొదటి తప్పు ఇక్కడే చేశాను. కొమ్మ లోపలికి వెళ్లే వైపు నుంచి డ్రిల్లు పెట్టాను. బిట్టు అవతలివైపు అనుకున్న చోటుకి ముప్పావు అంగుళం కింద బయటపడింది. కొమ్మ ఎక్కడ బయటికి రావాలో ఆ వైపు నుంచే డ్రిల్లు మొదలుపెట్టాలి. లోపలికి వెళ్లే బెజ్జం కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు, తర్వాత అది ఎలాగూ మూసుకుపోతుంది. ఆ బెజ్జంలో మైనం నింపి, రెండోది సరిగ్గా వేశాను. డ్రిల్లు మెల్లగా తిప్పాలి, వేగంగా తిప్పితే వేడికి బెరడు కింద పచ్చపొర మాడుతుంది. తర్వాత బెజ్జం అంచుల్ని పదునైన కత్తి మొనతో శుభ్రం చేసుకోవాలి.

దూర్చేటప్పుడు తొందరపడితే కొమ్మ మీది కళ్లు ఊడిపోతాయి. తిప్పుతూ మెల్లగా లాగాను. బయటికి వచ్చాక, ఒక కన్ను బోదెకి సరిగ్గా ఆనుకుని బయట ఉండేలా సర్దాను. ఇది చాలామంది వదిలేస్తారు. బోదె దగ్గర కన్ను లేకపోతే రేపు ఆ కొమ్మకి మొదటి ఉపకొమ్మ మూడు అంగుళాల అవతల వస్తుంది, మళ్లీ అదే ఖాళీ సమస్య. కొమ్మ కదలకుండా చిన్న పుల్ల చీలిక దోపి, రెండువైపులా గాయాలకు రాసే పేస్టు (హార్మోన్ పేస్టు కాదు) పూసి మూసేశాను. పదిరోజులు నీడపట్టున ఉంచి, మళ్లీ ఎండలోకి మార్చాను.

ఆ తర్వాత పనేమీ లేదు, బయటికొచ్చిన కొమ్మని ఇష్టం వచ్చినట్టు పెరగనివ్వడమే. ఎంత పెరిగితే అంత తొందరగా అతుక్కుంటుంది. అతికిందని ఎలా తెలుస్తుంది? లోపలికి వెళ్లేవైపు లావునీ, బయటికొచ్చేవైపు లావునీ పోల్చండి. బయటివైపు స్పష్టంగా లావైతే, అది బోదె నుంచి తిండి తీసుకుంటున్నట్టు. నా చెట్టుకి దాదాపు ఏడాది పట్టింది. అప్పుడు కూడా ఒక్కసారిగా కోయకుండా లోపలికి వెళ్లే వైపు సగం దాకా కోసి, నెల ఆగి, కొమ్మ వాడిపోలేదని చూసుకుని మిగతా సగం కోశాను.

దీనికి పోటీ, పక్కన ఆనించి కట్టే అంటు. మామిడిలో వెనకటి రోజుల నుంచీ చేసేదే. బోదె మీద కొమ్మ లావుకి సరిపడా గాడి కోసి, చిన్న కుండీలో వేళ్లు పోసుకున్న మొక్కని పక్కన పెట్టి, దాని కాడ బెరడుని ఒక పక్క గీరి, గాడిలో కూర్చోబెట్టి పాలిథిన్ పట్టీతో బిగించి కట్టడం. పచ్చపొరకు పచ్చపొర ఆనాలి. కట్టు వదులైతే పని జరగదు.

ఏది మేలు? చెట్టు మీద పొడుగ్గా సాగదీయదగిన కొమ్మ ఉంటే దూర్చే అంటు మేలు. బయట మచ్చ చిన్నది, గురి ఎక్కువ, ఆకు కూడా ఒకటే రకం. బోదె మరీ లావై బిట్టు అందకపోయినా, లేదా చెట్టు మీద సరైన కొమ్మ లేకపోయినా ఆనించే అంటు. దానికి వాడే మొక్కని అదే చెట్టు కొమ్మ కత్తిరింపుతో ముందు వానాకాలంలోనే వేళ్లు పోయించి ఉంచుకోండి. ఎక్కడో దొరికిన ఫైకస్ అంటగడితే ఒక కొమ్మ ఆకు ఒక రకం, మిగతా చెట్టు ఆకు ఇంకో రకం. నర్సరీల్లో అమ్మే ఎస్ షేప్ ఫైకస్‌లు చూడండి, కొన్నిటికి చిన్న ఆకు కొమ్మలు అంటుగట్టి ఉంటాయి. బోదె మీద అసలు చెట్టు చిగురేసిందంటే దాని ఆకు వేరేగా కనిపిస్తుంది. అలాంటి చెట్టు కొనేటప్పుడు ఆ అంటు మచ్చలు ఎక్కడున్నాయో చూసుకుని కొనండి. నాకు ఒకచోట అంటగట్టి ఆరునెలలు కూడా కాని మొక్కని పాతదని అమ్మారు, కట్టు విప్పగానే కొమ్మ చేతికొచ్చింది.

మీ చెట్టు ఏది?

ఫైకస్ మైక్రోకార్పా, రావి, మర్రి: కన్ను ఉంటే గాటు, లేకపోతే అంటు. బెంజమినాకి ఆకు మిగిల్చే కత్తిరింపు. బోగన్‌విలియాకి అంటు గోల అనవసరం, పాత కర్ర మీద కూడా ధారాళంగా చిగురేస్తుంది. నరికి, వచ్చినవాటిలో కావాల్సినది ఉంచుకుని మిగతావి బొటనవేలితో తుడిచేయండి. అక్కర్లేని చిగుళ్లు తుడవకపోతే కావాల్సినది బలహీనపడుతుంది. చింతకీ సీమచింతకీ కత్తిరింపే, కాకపోతే చింతతో ఓపిక కావాలి. జేడ్‌కి గీత పైన కోస్తే రెండు కళ్లూ లేస్తాయి, కోశాక నాలుగైదు రోజులు నీళ్లు ఆపండి.

జునిపర్ (సూదుల్లాంటి ఆకుల చలి ప్రాంతపు చెట్టు) తెచ్చుకున్నవాళ్లకి మాత్రం హెచ్చరిక. పచ్చదనం లేని కర్ర నుంచి అది తిరిగి చిగురించదని లెక్క వేసుకుని కత్తెర పట్టండి. దానికి నరకడం, గాటు రెండూ పనికిరావు. ఉన్న పచ్చ రెమ్మని తీగతో ఖాళీ వైపుకి తిప్పుకోవాలి, లేదా అంటు.

కాలం సంగతి: మనకి రెండు అదనులు. రావి చిగురించే ఫాల్గుణ చైత్రాలు ఒకటి, తొలకరి తర్వాత జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా రెండోది. గాటుకీ నరకడానికీ రెండూ సరే, అంటుకి తొలకరే మేలు, గాలిలో తేమ ఉంటుంది. రోహిణి కార్తె ఎండలో ఆకులు తీసేసి బోదెని బయటపెడితే బెరడు మాడిపోతుంది. డిసెంబరు, జనవరిలో చెట్టు మందకొడిగా ఉంటుంది, గాయం మానదు. చలి దేశాల్లో ఫైకస్‌ని ఇంట్లో పెంచే మనవాళ్లు రాత్రి చలి 15 డిగ్రీల పైకి వచ్చి, చెట్టుని బయట పెట్టి, అది కొత్త ఆకులేశాక మొదలుపెట్టాలి.

ఇవేవీ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, దాన్ని చులకన చేయకండి. కుండీని మెల్లగా ఒక చుట్టు తిప్పి చూడండి. ఏదో ఒక కోణంలో ఆ ఖాళీ వెనక్కి పోయి, వెనక ఉన్న కొమ్మ పక్కకొచ్చి కూర్చుంటుంది. ముఖం మార్చడం ఓడిపోవడమేం కాదు. నా దగ్గరున్న చింతకి నేను అదే చేశాను.

చిగురొచ్చాక

వచ్చిన చిగురుకి వెంటనే తీగ చుట్టకండి, మొదట్లోనే ఊడివస్తుంది. ఆకుపచ్చ రంగు పోయి కాస్త కర్ర తేలేదాకా ఆగి, ఏ కోణంలో ఉండాలో ఆ మొదటి అంగుళానికి మాత్రం తీగ పెట్టండి. కొసని కత్తిరించకండి. కింది కొమ్మ లావెక్కాలంటే అది పొడుగ్గా పోవాలి, ఆ సమయంలో చెట్టు తలని మాత్రం గిల్లుతూ ఉండాలి. లేకపోతే బలమంతా పైకే పోతుంది. ఒకే చోట రెండు చిగుళ్లు వస్తే ఒకటి తీసేయాలని చేయి దురద పెడుతుంది. గాలివానకో, పిట్టకో, పురుగుకో ఒకటి పోవచ్చు. దసరా దాకా రెండోదాన్ని కూడా ఉంచండి.